ఆఖరి సెకనులో పిడికిలి

బాస్కెట్‌బాల్‌లో నీకు ఇష్టమైన ఆటగాడెవరని అడిగితే తడుముకుంటాను గానీ, ఇష్టమైన రెఫరీలు ఎవరని అడిగితే మాత్రం ఒక పూట కూర్చోబెట్టి చెబుతాను. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లో నాతో పనిచేసేవాళ్లకి ఇదొక వింత. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ ముందురాత్రి ఎవరు ఎన్ని పాయింట్లు కొట్టారో మాట్లాడుకుంటుంటే, మూడో క్వార్టర్ చివర్లో ఆ ఫౌల్ ఊదినాయన ఎక్కడ నిలబడ్డాడో గమనించారా అని నేను అడుగుతాను. ఎవరూ గమనించి ఉండరు. రెఫరీని ఎవరూ గమనించకపోవడమే అతని పనితనం అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. మంచి గాయకుడి గమకాన్ని గుర్తుపట్టి తల ఊపుతామే, మంచి విజిల్‌ని మాత్రం ఎందుకు గుర్తుపట్టకూడదు?

అన్ని విజిళ్లలోకీ కష్టమైనది క్వార్టర్ ముగిసే క్షణంలో ఊదే ఫౌల్. మొదటి నిమిషంలో చెయ్యి తగిలితే రెఫరీ చూడాల్సింది ఒక్కటే: తగిలిందా లేదా, ఆ తగలడం వల్ల ఎదుటివాడికి నష్టం జరిగిందా లేదా. క్వార్టర్ చివర మూడు సంగతులు ఒకేసారి తేల్చాలి. చెయ్యి తగిలింది ముందా, గడియారం ఆగింది ముందా, బంతి చేతిని వదిలింది ముందా? ఈ మూడింటి వరుస మారితే తీర్పు మొత్తం మారిపోతుంది. అరసెకను కూడా పట్టని వ్యవహారానికి నియమాల పుస్తకంలో నాలుగైదు రకాల తీర్పులున్నాయి. అవన్నీ చేతి వేళ్ల మీద ఉండాలి, అదీ రెండు బెంచీలూ లేచి నిలబడి అరుస్తుండగా.

చరిత్ర పెద్దగా చెప్పను. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు కట్టించి ఈ ఆట మొదలుపెట్టించాడనీ, మరుసటి నెలలో పదమూడు నియమాలు అచ్చయ్యాయనీ అందరికీ తెలిసిందే. ఆ పదమూడింటిలో ఒక ముచ్చట ఉంది. మనుషుల్ని కనిపెట్టి ఫౌళ్లు లెక్కపెట్టే పని ఒకరికి, బంతినీ సమయాన్నీ చూసుకునే పని మరొకరికి అప్పగించాడు నైస్మిత్. మొదటాయన అంపైరు, రెండో ఆయన రెఫరీ. అంటే ఫౌల్‌ది ఒక కన్ను, గడియారానిది ఇంకో కన్ను. క్వార్టర్ ఆఖరి ఫౌల్ దగ్గర ఈ రెండు ఉద్యోగాలూ ఒక్కడి నెత్తిన పడతాయి. కష్టమంతా అక్కడే.

విజిల్ గురించి కూడా రెండు మాటలు. పాత విజిల్‌లో చిన్న గుండు ఉండేది, గట్టిగా ఊదితే ఒక్కోసారి అది ఇరుక్కుని శబ్దమే వచ్చేది కాదు. 1984లో బ్రెజిల్‌లో ఒలింపిక్స్ ముందు జరిగిన పోటీలో కెనడా రెఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌కి సరిగ్గా ఆట చివర్లో అలా జరిగిందట, గ్యాలరీలు మీదికి వచ్చినంత పనయిందట. ఆ కోపంతో ఆయన గుండు లేని విజిల్ చేయించాడని చెప్పుకుంటారు. ఇప్పుడు ప్రపంచమంతా ఊదుతున్న ఫాక్స్ 40 అదే.

ఇక పనితనంలోకి వద్దాం. ఇద్దరు రెఫరీలు నడిపే ఆటలో ఒకరు రింగు కింద బేస్‌లైన్ దగ్గర ఉంటారు, ఆయన లీడ్. రెండో ఆయన వెనక, సగం గీత వైపు నుంచి చూస్తుంటాడు, ఆయన ట్రెయిల్. క్వార్టర్ ఆఖరి షాట్ చెల్లుతుందా లేదా అన్నది ట్రెయిల్ బాధ్యత. బోర్డు చుట్టూ ఎర్ర దీపాల పట్టీ ఉంటుంది. సమయం అయిపోగానే అది వెలుగుతుంది, హారన్ మోగుతుంది. రెండూ ఒకేసారి రావాలి గానీ, చెవికీ కంటికీ తేడా వస్తే దీపానిదే పైచెయ్యి అని అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నియమం. అందుకని మంచి ట్రెయిల్ ఆఖరి పది సెకన్లలో రెండడుగులు పక్కకి జరుగుతాడు. షాట్ కొట్టేవాడి చెయ్యి, ఆ చేతిలోని బంతి, వెనకాల బోర్డు అంచు దీపం, ఈ మూడూ ఒకే చూపులో పడే చోటు వెతుక్కుంటాడు. ఆ చోటు ఆటగాళ్లు కదిలేకొద్దీ మారుతుంది. వాళ్లతో పాటు తనూ మారాలి. పైగా షాట్ కొట్టే ఘడియకి కాళ్లు నిలిచి ఉండాలి, పరిగెడుతూ చూసిన చూపు కుదురుగా ఉండదు. నా దృష్టిలో ఈ ఆట మొత్తంలో అందమైన కదలిక ఇదే. మెచ్చుకుని ఒక్కరైనా చప్పట్లు కొట్టగా నేను చూడలేదు.

రెండోది ఓపిక. చెయ్యి తగిలిన వెంటనే ఊదేసేవాడు నేర్చుకుంటున్నవాడు. ఎత్తుగడ మొదలవడం, సాగడం, ముగియడం, మూడూ చూశాకే ఊదమంటుంది ఫిబా శిక్షణ. తగిలినా షాట్ చెదరలేదంటే వదిలేయొచ్చు. చెదిరిందని తేలాక ఊదితే, ఆ విజిల్ కాస్త ఆలస్యంగా వచ్చినట్టు అనిపిస్తుంది. ఈలోగా హారన్ మోగితే కొంప మునిగినట్టే కనిపిస్తుంది గానీ ఏమీ మునగదు. లెక్కలోకి వచ్చేది చెయ్యి తగిలిన క్షణం, విజిల్ మోగిన క్షణం కాదు. తగిలింది సమయం ఉండగానే అయితే, సమయం అయిపోయాక కూడా ఫ్రీ త్రోలు వేయిస్తారు. అప్పుడు చూడాలి! గడియారంలో సున్నాలు. గీతల దగ్గర రీబౌండ్ కోసం ఎవరూ నిలబడరు. షాట్ కొట్టేవాడొక్కడే, బంతి అందించే రెఫరీ ఒక్కడే.

మూడోది జ్ఞాపకం. పిడికిలి పైకెత్తిన మరుక్షణం కన్ను గడియారం మీదికి వెళ్లాలి. చివరి నిమిషంలో అది పదో వంతు సెకన్లు చూపిస్తుంది. 0.4 అని చూశాడనుకోండి, అది మనసులో ముద్ర పడిపోవాలి. ఎందుకంటే బల్ల దగ్గర కూర్చున్నవాడి వేలు విజిల్ విన్నాక గానీ కదలదు. ఆ పదో వంతుల మీదే ఆటలు తారుమారవుతాయి. 1990 జనవరి 15న న్యూయార్క్‌లో షికాగో మీద ట్రెంట్ టకర్ సెకనులో పదో వంతు మాత్రమే మిగిలుండగా బంతి అందుకుని, తిరిగి, మూడు పాయింట్ల షాట్ కొట్టి గెలిపించాడు. మనిషన్నవాడికి అది సాధ్యమేనా అని గొడవయింది. ఆ తర్వాత నియమం మారింది. ఫిబాలో ఇప్పుడు బంతి పట్టుకుని షాట్ కొట్టాలంటే కనీసం 0.3 సెకను మిగిలుండాలి, అంతకంటే తక్కువుంటే గాల్లోనే తట్టడమో రింగులోకి నేరుగా దింపడమో తప్ప చెల్లదు. కాబట్టి ఫౌల్ తర్వాత 0.2 మిగిలిందా 0.3 మిగిలిందా అన్నది రెఫరీ కన్ను చెప్పాల్సిన సంగతి.

దీన్ని దగ్గర నుంచి చూపిస్తాను. ఆఫీసు జట్ల మధ్య సాయంత్రం ఆట. రెఫరీ జుట్టు నెరిసిన చైనీస్ పెద్దాయన. ఈ ఊళ్లో పెద్దవాళ్లందర్నీ పిలిచినట్టే ఆయన్నీ అందరూ అంకుల్ అనే పిలుస్తారు. రెండో క్వార్టర్ అయిపోవస్తోంది. మన తెలుగు కుర్రాడొకడు ఎడమ వైపు నుంచి దూసుకొచ్చి ఎగిరాడు. ఎదుటివాడి అరచెయ్యి వీడి మణికట్టు మీద ఫట్‌మని పడింది. హారన్ మోగింది. వీడు పట్టు వదలకుండా అదే ఊపులో బంతి విసిరితే అది బోర్డుకి తగిలి వలలోంచి జారింది. మా వైపు కేకలు, ఈలలు. అంకుల్ పిడికిలి పైకెత్తి ఉంచాడు. ఒక్క క్షణం ఆగి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు: బాస్కెట్ లేదు. ఆ వెంటనే రెండు వేళ్లు చూపించాడు: రెండు ఫ్రీ త్రోలు. రెండు జట్లూ ఒకేసారి ఆయన మీద అరిచాయి!

నా పక్కనున్న కుర్రాడి నాన్నగారు తట్టుకోలేకపోయారు. “ఇదేం లెక్కండీ? బాస్కెట్ పడింది కదా, అది కొట్టేసి ఫౌల్ ఇస్తాడేంటి ఈయన?”

“బంతి చేతిలో ఉండగానే హారన్ మోగిందండీ. అందుకే బాస్కెట్ చెల్లదు. చెయ్యి తగిలింది మాత్రం హారన్‌కి ముందే, అందుకని ఫౌల్ చెల్లుతుంది.”

“అంటే రెండూ కరెక్టేనా?”

“రెండూ కరెక్టే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇచ్చాడు.”

ఆయనకి సగమే నచ్చింది. నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఫౌల్ ముందు, హారన్ తర్వాత, బంతి వదలడం ఆ తర్వాత, ఈ మూడింటినీ వరుస తప్పకుండా విడదీసి చూసిన కళ్లు అవి. కెమెరా లేదు, బోర్డుకి దీపం కూడా లేదు, చెవితోనే పట్టుకున్నాడు. అప్పటికే నీళ్ల సీసాలు తీసుకున్న ఆటగాళ్లని ఎవరి బెంచీకి వాళ్లని పంపించి, అంకుల్ నెమ్మదిగా బంతి తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టాడు.

ఇప్పుడు మహామహుల సంగతి. 2019 ఏప్రిల్ 6, మినియాపోలిస్, అమెరికా కాలేజీల సెమీఫైనల్. వర్జీనియా మీద ఆబర్న్ 62-60 ముందంజలో ఉంది. కైల్ గై మూల నుంచి మూడు పాయింట్ల షాట్ వేశాడు, పడలేదు. ఆబర్న్ ఆటగాళ్లు గెలిచామని పరిగెత్తారు. కానీ విజిల్! జేమ్స్ బ్రీడింగ్ పిడికిలి ఎత్తి నిలబడ్డాడు. షాట్ కొట్టేవాడు దిగే చోటులోకి డిఫెండర్ సామిర్ డౌటీ చొచ్చుకొచ్చాడని ఆయన తీర్పు. గడియారంలో మిగిలింది 0.6 సెకను. గై మూడు ఫ్రీ త్రోలూ వేశాడు. 63-62. స్టేడియం మొత్తం తన వైపే చూస్తుంటే, ఒక ఊరి ఆశంతా తన నోట్లోని విజిల్ మీద ఆధారపడి ఉంటే, ఆ ఫౌల్ ఊదడానికి ఎంత గుండె కావాలి! నిజమే, దానికి కాస్త ముందు వర్జీనియా ఆటగాడి డబుల్ డ్రిబుల్ ఒకటి తప్పిపోయింది. ఆ తప్పుని పట్టుకుని ఆబర్న్ అభిమానులు ఇప్పటికీ తిడతారు. తిట్టనివ్వండి. ఆ పిడికిలి మాత్రం నా దృష్టిలో ఈ శతాబ్దపు గొప్ప విజిళ్లలో ఒకటి.

ఇంకా ఎంతమందని! ఎర్ల్ స్ట్రామ్ ఉన్నాడు, సొంతూరి జనం ఎంత అరిచినా బయటి ఊరి జట్టుకి రావాల్సింది ఇచ్చితీరేవాడని పేరు. డిక్ బవెట్టా 1975 నుంచి 2014 వరకు ఒక్క ఆట కూడా మానకుండా వరసగా 2,635 ఎన్‌బీఏ ఆటలు నడిపాడు. 1997లో ఆ లీగ్‌లో విజిల్ పట్టిన తొలి మహిళల్లో ఒకరైన వయొలెట్ పామర్ ఉంది. జోయీ క్రాఫర్డ్‌ది అంపైర్ల ఇల్లు, తండ్రీ అన్నా బేస్‌బాల్‌లో అంపైర్లు. మనవాళ్లకీ ఈ విద్య కొత్త కాదు. క్రికెట్‌లో తటస్థ అంపైర్లని పెట్టి చూడాలని 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి భారత్ నుంచి ఇద్దరిని పిలిపించారు. వాళ్లలో ఒకరు మన హైదరాబాద్ వి.కె. రామస్వామి. పక్కింటివాళ్ల తగువు తీర్చడానికి మనల్ని పిలిచిన రోజులవి.

మహామహులకీ మరకలున్నాయి, దాచను. 2008లో శాన్ ఆంటోనియోలో ఆఖరి షాట్ వేయబోయిన బ్రెంట్ బ్యారీ మీదికి లేకర్స్ ఆటగాడు డెరెక్ ఫిషర్ ఎగిరి పడ్డాడు. ఆ ముగ్గురు రెఫరీల్లో క్రాఫర్డ్ ఒకడు, ఎవరి విజిలూ మోగలేదు. లేకర్స్ 93-91తో గెలిచింది. అది ఫౌలే, రెండు ఫ్రీ త్రోలు ఇచ్చి ఉండాల్సిందని మర్నాడు లీగే ఒప్పుకుంది. “చివర్లో ఆటగాళ్లే తేల్చుకోనివ్వాలి” అని గొప్పగా చెప్పే వాదం ఒకటుంది, దానికి కోట్లమంది భక్తులు. నాకు ఆ వాదం అంటే ఒళ్లు మంట. మొదటి నిమిషంలో ఫౌల్ అయినది ఆఖరి సెకనులో ఎందుకు కాకుండా పోతుంది? ఊదకపోవడం కూడా ఒక తీర్పే. అది ఎప్పుడూ ఫౌల్ చేసినవాడికే లాభం.

ఓడిపోతున్న జట్టు గడియారం ఆపడానికి కావాలని చేసే ఫౌళ్లది మరో విద్య. ఒక క్వార్టర్‌లో ఒక జట్టు ఫౌళ్లు నాలుగు దాటితే, ఎదుటి జట్టు షాట్ కొట్టకపోయినా రెండు ఫ్రీ త్రోలు వస్తాయి. అయినా చేస్తారు, గత్యంతరం లేక. ఇక్కడ తెలివైన రెఫరీ మొదటి స్పర్శకే ఊదేస్తాడు. ఊదకపోతే రెండోసారి ఇంకా గట్టిగా పట్టుకుంటారు, మూడోసారి చొక్కా చిరుగుతుంది. బంతి కోసం చెయ్యి చాచాడా, మనిషి కోసం చాచాడా అని చూసి, మనిషి కోసమైతే అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ ఫౌల్ ఇవ్వాలి. చివరి రెండు నిమిషాల్లో బంతి లోపలికి విసరకముందే వేరేవాణ్ణి పట్టుకునే పాత ఎత్తుకి 2022లో ఫిబా కొత్త శిక్ష పెట్టింది: ఎదుటి జట్టుకి ఒక ఫ్రీ త్రో, పైగా బంతి కూడా వాళ్లకే. బాగా చేశారు.

రెఫరీ మాట చెల్లని చోట ఏమవుతుందో 1972 మ్యూనిక్ ఒలింపిక్ ఫైనల్ చూపించింది. మూడు సెకన్లు ఉండగా డగ్ కాలిన్స్‌ని పడగొట్టారు. ఊదారు, అతను రెండూ వేశాడు. అమెరికా 50-49. ఆ తర్వాత హారన్ గందరగోళం, గడియారం గందరగోళం. గ్యాలరీలోంచి ఫిబా కార్యదర్శి విలియం జోన్స్ దిగివచ్చి మూడు సెకన్లు మళ్లీ ఆడించమన్నాడు. అలెగ్జాండర్ బెలోవ్ బాస్కెట్‌తో సోవియట్ యూనియన్ 51-50తో గెలిచింది. బ్రెజిల్ రెఫరీ రెనాటో రిగెట్టో స్కోరు షీటు మీద సంతకం పెట్టనన్నాడు. అమెరికా ఆటగాళ్లు వెండి పతకాలు ఇప్పటికీ తీసుకోలేదు. అందరూ ఆ పతకాల గురించే మాట్లాడతారు. నాకు రిగెట్టో కలం మూసేసిన ఆ చెయ్యే కనిపిస్తుంది.

ఇక యంత్రాల సంగతి. 2002 ఎన్‌బీఏ ప్లేఆఫ్‌లలో శాక్రమెంటో మీద లేకర్స్ ఆడిన నాలుగో ఆటలో, మొదటి సగం చివర్న సమాకీ వాకర్ సగం గీత దగ్గరి నుంచి విసిరిన బంతి లోపల పడింది. చెల్లిందన్నారు. టీవీలో చూస్తే సమయం అయిపోయాక కూడా బంతి చేతిలోనే ఉంది. ఆ ఆట లేకర్స్ 100-99తో గెలిచింది, అంటే తేడా ఒక్క పాయింటే. మరుసటి సీజన్ నుంచి రీప్లే వచ్చింది. సరే, రావాల్సిందే. కానీ ఇప్పుడు ఏం జరుగుతోంది? పెద్ద ఆటల్లో కొందరు రెఫరీలు క్వార్టర్ చివర నిర్ణయం చెప్పకముందే టీవీ వైపు నడుస్తారు. చూడాల్సిన చోట నిలబడే అలవాటు పోతోంది. 2015 నుంచి ఎన్‌బీఏ చివరి రెండు నిమిషాల తప్పొప్పుల జాబితా కూడా బయటపెడుతోంది. తప్పు దొరికితే పండగ, ఒప్పు దొరికితే ఎవరూ చదవరు. అన్నిటికీ మించి 2007లో టిమ్ డొనాగీ అనే రెఫరీ పందేల కుంభకోణంలో దొరికి, నిజాయితీగా ఊదే వందలమంది మీద బురద జల్లిపోయాడు. వాడి పేరు రాయడానికే చెయ్యి రావడం లేదు.

సింగపూర్‌ది ఈ ఆటలో చిన్న చరిత్రేం కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈ ద్వీపం జట్టు బాస్కెట్‌బాల్ ఆడింది. కల్లాంగ్‌లోని ఓసీబీసీ అరీనాలో 2015 ఆగ్నేయాసియా క్రీడల ఆటలు జరిగాయి. ముగ్గురేసి ఆడే 3x3 ఆసియా కప్పు ఇటీవల వరసగా ఇక్కడే జరుగుతోంది. అంత మంచి రెఫరీలని కళ్లారా చూసే అవకాశం ఉన్న ఊళ్లో మన వారాంతపు టోర్నమెంట్లలో విజిల్ ఎవరి చేతిలో ఉంటుందో తెలుసా? మోకాలు బెణికి ఆడలేని వాడి చేతిలో! లేకపోతే నిర్వాహకుల బావమరిది చేతిలో. గడియారం ఒకరి ఫోన్‌లో ఉంటుంది. ఆ ఫోన్‌కి మధ్యలో కాల్ వస్తుంది. ఆఖరి సెకనులో చెయ్యి తగిలితే “పోనీలే అన్నా, వదిలేద్దాం” అని ఒకడు, “టైమ్ అయిపోయాక తగిలింది” అని ఇంకొకడు. తీర్పు చెప్పేవాడు ఓడిపోతున్న జట్టు సభ్యుడు కూడా అయి ఉంటాడు. దీన్ని రెఫరీయింగ్ అనకండి, దయచేసి.

ఆడేవాడే లెక్క రాస్తే ఏమవుతుందో రాఫెల్స్ ప్లేస్‌కి ఒకరు చెప్పాలా? ఇప్పుడు వన్ రాఫెల్స్ ప్లేస్ అంటున్న ఓయూబీ సెంటర్‌లోనే అప్పట్లో సైమెక్స్ ఎక్స్ఛేంజి బేరాల అంతస్తు ఉండేది. అక్కడ తన బ్యాంకు తరఫున బేరాలాడింది నిక్ లీసన్, ఆ బేరాల ఖాతాలు సరిచూసే విభాగాన్ని నడిపిందీ అతనే. 1995 ఫిబ్రవరి నాటికి 82.7 కోట్ల పౌండ్ల నష్టం బయటపడి, 1762లో పుట్టిన బేరింగ్స్ బ్యాంకు కుప్పకూలింది. ఆ భవనం నీడలో రోజూ కాఫీ తాగే మనవాళ్లే శనివారం సాయంత్రం ఆటగాడి చేతిలో విజిల్ పెడతారు.

మన చెడుగుడుని చూసైనా నేర్చుకోవచ్చు. కబడ్డీ నియమాల్లో సగం సమయం ముగిసినా, అప్పటికే సాగుతున్న కూత పూర్తయ్యేదాకా ఆపరు. మొదలైనది ముగియాలి, ముగిసిందాని మీద తీర్పు చెప్పాలి అన్న న్యాయం మన మట్టిలోనే ఉంది. బాస్కెట్‌బాల్‌లో గడియారం అంత దయగలది కాదు, కానీ ఫౌల్ విషయంలో అదే న్యాయం: సమయంలోగా జరిగిన అన్యాయానికి సమయం దాటాకైనా శిక్ష పడుతుంది.

అందుకని సింగపూర్‌లోనూ, హైదరాబాద్‌లోనూ, విశాఖలోనూ టోర్నమెంట్లు నడిపే పెద్దలకి ఒక విన్నపం. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, వాళ్లలో ఆటకి కాస్త దూరమైన పదహారు పదిహేడేళ్ల వాళ్లని రెఫరీ శిక్షణకి పంపండి. అమ్మాయిల్ని తప్పకుండా పంపండి. ఒక్కో ఆటకి డబ్బిచ్చి ఇద్దరు రెఫరీలని పెట్టండి. బల్ల దగ్గర స్కోరుకి ఒకరిని, గడియారానికి ఒకరిని కూర్చోబెట్టండి, ఇద్దరిలో ఎవరికీ ఆ రోజు ఆడే జట్టుతో చుట్టరికం ఉండకూడదు. ఫోన్ లోపల పెట్టించి, వీధి చివరికి వినపడే హారన్ ఒకటి కొనండి. ఖర్చు ఎక్కడిదంటారా? ఫైనల్లో ఇచ్చే కప్పు ఈసారి ఒక అడుగు పొట్టిది చేయించండి, సరిపోతుంది.